పట్టు జాకెట్టు మీద గండభేరుండం: కంప్యూటర్ వర్క్‌లో కుట్టు దిశ, వరుస, బిగువు

రెండు తలలు, విప్పిన రెక్కలు, ముక్కుల్లోనూ గోళ్లలోనూ ఏనుగులు. ఫోన్‌లో బొమ్మ చూపించి, వీపు మీద ఇది కావాలని కంప్యూటర్ వర్క్ (మిషన్ ఎంబ్రాయిడరీ) చేసే షాపులో అడిగేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. అదే బొమ్మ రెండు చోట్ల కుట్టిస్తే ఒకచోట ఈకలు విడివిడిగా కదులుతున్నట్టు వస్తాయి. ఇంకోచోట పక్షి చదునుగా పడి ఉంటుంది, ఒంటికీ అంచు గీతకూ మధ్య మెరూన్ గుడ్డ కనిపిస్తుంది, చుట్టూ పట్టు ముడతలు పడుతుంది. మిషన్‌లో తేడా లేదు, దారమూ అదే కంపెనీది. తేడా అంతా పంచింగ్‌లో, అంటే బొమ్మను మిషన్ కుట్టే ఫైల్‌గా మార్చడంలో, ఉంది: ఏ దారం ఏ దిక్కుకు పడాలి, ఏ భాగం ముందు కుట్టాలి, గుడ్డ ఎంత లాక్కుపోతుంది అన్నవి ముందే లెక్క వేశారా లేదా అన్నదే అసలు సంగతి.

ఈ పక్షి మనకు కొత్తది కాదు. కర్ణాటకలోని బళ్ళిగావిలో 1047 నాటి స్తంభం మీద మనిషి ఒళ్లూ, రెండు పక్షి తలలూ ఉన్న గండభేరుండం నిలబడి ఉంది. విజయనగరాన్ని 1529 నుంచి 1542 దాకా ఏలిన అచ్యుతదేవరాయల నాణేల మీద ఏనుగులను పట్టుకున్న గండభేరుండం ఉంది. కెళది రామేశ్వరాలయం పైకప్పులో ఉంది. మైసూరు ఒడయార్ల చిహ్నంగా ఉండి, ఇప్పుడు కర్ణాటక రాష్ట్ర చిహ్నంలో ఉంది. రాతిలోనూ నాణెం మీదా దీనికి ఒకటే రంగు. దారంలోకి వచ్చేసరికి చిలకపచ్చ, నెమలికంఠం, కనకాంబరం, పసుపు అన్నీ కలుస్తాయి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ముందు జాకెట్టు సంగతి తేల్చుకోవాలి

వెనక హుక్స్ పెట్టే జాకెట్టుకు ఈ డిజైన్ వద్దు. సరిగ్గా రెండు మెడల మధ్య నుంచి పట్టీ వెళ్తుంది. ఎంత జాగ్రత్తగా కుట్టినా పట్టీ ఒకదాని మీద ఒకటి ఎక్కే చోట ఒక సగం రెండు మూడు మిల్లీమీటర్లు జరుగుతుంది. రెండు తలల పక్షిలో ఆ మాత్రం తేడా దూరం నుంచే తెలిసిపోతుంది. ముందు హుక్స్ గానీ, పక్క జిప్ గానీ పెట్టుకోవాలి.

ఇక్కడ చెప్పే కొలతలు 15 సెం.మీ. ఎత్తు, 12 సెం.మీ. వెడల్పు ఉన్న పక్షికి. ఇంట్లో వాడే మిషన్లలో 13×18 సెం.మీ. ఫ్రేమ్ (గుడ్డను బిగించే చట్రం) ఉన్న వాటికి ఇది సరిపోతుంది, 10×10 ఫ్రేమ్‌కు పట్టదు. తల మీది కిరీటానికీ మెడ గీతకూ మధ్య కనీసం 2.5 సెం.మీ. వదిలితేనే టైలర్ మెడ పట్టీ తిప్పగలుగుతాడు. రెక్కల కొనలు వెనక టక్కుల్లోకి వెళ్లకూడదు. వెళ్తే టక్కు మడతలో దారాలు పైకి లేస్తాయి. అందుకే కొలత జాకెట్టును పరిచి మెడ, భుజం, టక్కులు, మధ్య గీత అన్నీ బ్లౌజ్ పీస్ మీద గీసుకున్నాకే పక్షి చోటు ఖాయం చేయాలి. గీతకు సుద్ద వాడండి. గాలికి చెరిగిపోయే పెన్ను వాడితే, అది చెరిగేదాకా ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానివ్వకండి. వేడి తగిలితే ఆ మరక ఉండిపోతుంది.

రంగు ఒకటే, నీడలు రెండు

ఎంబ్రాయిడరీకి వాడే రేయాన్, పాలిస్టర్ దారాలు రెండూ మెరుస్తాయి. వెలుతురు దారానికి అడ్డంగా పడితే మెరుపు ఎక్కువ, దారం వెంట పడితే తక్కువ. అంటే ఒకే చిలకపచ్చ దారం, రెండు వేర్వేరు కోణాల్లో కుడితే, కంటికి రెండు పచ్చలుగా కనిపిస్తుంది. ఈక కనిపించేది దీనివల్లే. ఒక్కో ఈకను నడుమ ఈనె దగ్గర రెండు సగాలుగా విడదీసి, రెండు వైపులా కుట్లు ఈనె నుంచి బయటికి, కొనవైపు వాలి, దాదాపు 45 డిగ్రీల కోణంలో పడేలా సాటిన్ (అంచు నుంచి అంచుకు ఆనుకుని పడే మెరుపు కుట్టు) వేస్తే చాలు. ఈనెకు వేరే రంగు అక్కర్లేదు. రెండు సగాలూ కలిసే చోట గీత దానంతట అదే తేలుతుంది.

ఆటో పంచింగ్‌లో జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. సాఫ్ట్‌వేర్‌కు ఫొటో ఇచ్చి బటన్ నొక్కితే అది రంగుల హద్దులే చూస్తుంది. రెక్క మొత్తాన్ని ఒకే కోణంలో ఫిల్ చేసి (అంటే వరుసలుగా కుట్లతో నింపి), ఈకలు చూపించడానికి పైన నల్ల గీతలు వేస్తుంది. చదునుగా కనిపించడానికి కారణం ఇదే. అది చాలక కొందరు రంగులు పెంచుకుంటూ పోతారు. మా అభిప్రాయంలో కోణాలు సరిగ్గా పెట్టిన ఏడు రంగులు, కోణాల ఊసే లేని పదిహేను రంగుల కన్నా బాగుంటాయి. ఈ పక్షికి ముదురాకుపచ్చ, చిలకపచ్చ, నెమలికంఠం, పసుపు, కనకాంబరం, ఏనుగులకు దంతపు తెలుపు, ఆఖరున జరీ సరిపోతాయి. మెరూన్ పట్టు మీద ముదురు నీలం, వంగపండు రంగు పక్కపక్కన పెడితే రెండూ గుడ్డలో కలిసిపోతాయి. ఎంచుకున్న దారాల కోన్‌లు గుడ్డ మీద పెట్టి, ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీసి చూస్తే, అందులో విడివిడిగా కనిపించని జంట ఏదో వెంటనే తెలుస్తుంది.

సాటిన్ వెడల్పు 1 నుంచి 7 మి.మీ. మధ్య ఉండాలి. అంతకన్నా వెడల్పైతే పొడుగు దారాలు గాజులకూ గొలుసులకూ తట్టుకుని లేస్తాయి. ఈక సగం వెడల్పు 3 నుంచి 4 మి.మీ. ఉంచితే మెరుపు, గట్టితనం రెండూ దక్కుతాయి. ఈక కొన దగ్గర సూది మళ్లీ మళ్లీ ఒకే చోట దిగుతుంది. అక్కడ కుట్లలో కొన్నిటిని పొట్టిగా మార్చే వీలు ప్రతి మంచి సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంటుంది. అది ఆన్ చేయకపోతే కొన దగ్గర గట్టి ముడి ఏర్పడుతుంది, పలచని పట్టయితే రంధ్రమే పడుతుంది.

మామూలు 40 నంబరు దారానికి సాటిన్‌లో దూరం 0.4 మి.మీ. అంటే ఒకే అంచు మీద వరుసగా పడే రెండు సూది గుర్తుల మధ్య దూరం. 10 సెం.మీ. పొడుగు ఈక సగానికి 250 జిగ్‌జాగ్‌లు, అంటే 500 కుట్లు. ఫిల్ దగ్గర మాత్రం జాగ్రత్త. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఒకే దిక్కుకు వెళ్లే వరుసల మధ్య దూరం కొలుస్తాయి, ఇంకొన్ని పక్కపక్క వరుసల మధ్య కొలుస్తాయి. మొదటి రకమైన విల్కామ్‌లో 0.4 అని కుట్టి అలవాటైనవాళ్లు, రెండో రకమైన, ఉచితంగా దొరికే ఇంక్‌స్టిచ్‌లో అదే అంకె వేస్తే ఫిల్ పలచబడి కింద గుడ్డ కనిపిస్తుంది. అందులో మొదటినుంచీ ఉండే అంకె 0.25.

పచ్చ నుంచి నీలంలోకి జారే మెడకు రెండు పొరలు కావాలి. కింద నెమలికంఠం ఒక చివర 0.4 నుంచి రెండో చివర 1.2 దాకా పలచబడుతుంది, పైన చిలకపచ్చ అందుకు ఎదురు దిక్కులో పలచబడుతుంది. రెండింటి కోణం ఒకటే ఉండాలి, పై పొరకు మళ్లీ అస్తరు కుట్టు (ముందుగా కింద పలచగా పడేది) ఉండకూడదు. ఇందులో ఏది తప్పినా రంగులు కలవవు, చారలుగా మిగులుతాయి.

గుడ్డ ఎటు లాగుతుంది

ప్రతి కుట్టూ గుడ్డను కొంచెం దగ్గరికి లాగుతుంది. కుట్టు పడే దిక్కులో ఆకారం కుంచించుకుంటుంది, దానికి అడ్డ దిక్కులో బయటికి తోసుకొస్తుంది. తెర మీద గుండ్రంగా ఉన్న పక్షి కన్ను, కుట్లు అడ్డంగా పడితే నిలువు గుడ్డులా వస్తుంది. అందుకే పంచింగ్ చేసేటప్పుడే కుట్టు దిక్కులో ఆకారాన్ని కాస్త పెంచుతారు. పట్టు మీద, కింద మంచి పేపర్ (గుడ్డకు దన్నుగా పెట్టేది) ఉంటే, ఈకల సాటిన్‌కు 0.2 మి.మీ., ఒంటి మీది వెడల్పు ఫిల్‌కు 0.3 నుంచి 0.4 మొదలుపెట్టడానికి సరైన అంకెలు. పక్కపక్క రంగులు ఒకదాని మీద ఒకటి కనీసం అర మిల్లీమీటరు ఎక్కాలి. తెర మీద అంచుకు అంచు కచ్చితంగా కలిసిన డిజైన్, గుడ్డ మీద కచ్చితంగా విడిపోతుంది.

అస్తరు కుట్టు అంటే పైన కనిపించే కుట్టుకు ముందు, దాని కిందే పలచగా పడేది. ఈకకు అంచు నుంచి 0.5 మి.మీ. లోపలగా ఒక రన్నింగ్, వెడల్పు ఎక్కువ ఉంటే దాని మీద ఒక జిగ్‌జాగ్ సరిపోతుంది. కుట్లు తగ్గించుకోవడానికి దీన్ని తీసేసే షాపులు ఉన్నాయి. అప్పుడు అంచు పళ్లు పళ్లుగా వస్తుంది, ఒకటి రెండు ఉతుకులకే సాటిన్ పట్టులోకి దిగిపోతుంది.

ఏది ముందు, ఏది తర్వాత

ఈకలు పెంకుటింటి పైకప్పు లాంటివి. చూరు దగ్గరి వరుస ముందు పడాలి, దాని మీదికి పై వరుస రావాలి. అంటే తోకలో రెక్కల్లో కొనల నుంచి ఒంటివైపు రావాలి. అయితే గుడ్డ విషయంలో నియమం దీనికి విరుద్ధం. మధ్య నుంచి బయటికి కుడితే ముడత బయటికి జారిపోతుంది, బయట నుంచి లోపలికి కుడితే ఆ ముడతంతా మధ్యకు చేరి పొట్ట దగ్గర ఉబ్బుతుంది.

ఈ రెండింటినీ కలిపే దారి ఒకటుంది. ముందుగా పక్షి మొత్తం ఆకారం కింద, గుడ్డ రంగుకు దగ్గరి దారంతో, 2.5 నుంచి 3 మి.మీ. దూరంలో పలచని ఫిల్ ఒకటి మధ్య నుంచి మొదలుపెట్టి వేయాలి. అంచు నుంచి 1 మి.మీ. లోపలే ఆగాలి. ఇది పట్టును కింది పేపర్‌కు పట్టేస్తుంది. ఆ తర్వాత ఈకలు కొనల నుంచి లోపలికి వచ్చినా గుడ్డ కదలదు.

ఇక వరుస: తోక ఈకలు, కింది ఏనుగులు, వాటి మీద కాళ్లూ గోళ్లూ, రెక్కల పొడవాటి ఈకలు, మధ్య వరుస, భుజం మీది పొలుసులు, ఒళ్లు, రెండు మెడలు, తలలు, పై ఏనుగులు, వాటి మీద ముక్కులు, కళ్లు, చివరగా జరీ. గోళ్లు ఏనుగు వీపు మీద పడాలి కాబట్టి ఏనుగే ముందు. ముక్కు తొండాన్ని పట్టాలి కాబట్టి అక్కడా ఏనుగే ముందు. రంగులు మార్చడం తగ్గుతుందని దంతపు తెలుపు మొత్తం ఒకేసారి కుట్టేస్తే పై ఏనుగులు మెడ కిందికి వెళ్లిపోతాయి.

రెండు తలల దగ్గర ఇంకో మెలిక ఉంది. ఎడమ తల మొత్తం పూర్తి చేసి కుడి తలకు వెళ్తే, అప్పటికే గుడ్డ ఎడమకు లాగి ఉంటుంది, కుడి తల అర మిల్లీమీటరు లోపలికి వస్తుంది. మామూలు పువ్వులో ఇది ఎవరి కంటా పడదు. రెండు ముక్కులూ రెండు కళ్లూ ఎదురెదురుగా ఉన్న ఈ పక్షిలో వెంటనే పడుతుంది. అందుకే ఒక రంగు ఎడమ తలలో వేయగానే కుడి తలలో వేసి, అప్పుడే తర్వాతి రంగుకు వెళ్లాలి. సగం పక్షి పంచింగ్ చేసి అద్దంలోలా తిప్పడం మంచి పద్ధతే. కానీ తిప్పాక కుట్టే క్రమం ఎడమ సగం మొత్తం, కుడి సగం మొత్తంగా మిగిలిపోతుంది. దాన్ని చేత్తో ఒక్కో భాగంగా మార్చాల్సిందే.

ఒక పొర మీద ఇంకో పొర వచ్చే చోట కింద దాగిపోయే కుట్లు తీసేయాలి, 1.5 నుంచి 2 మి.మీ. మాత్రం లోపలికి ఉంచాలి. తోక మీద రెక్క, రెక్క మీద ఒళ్లు, అన్నీ నిండుగా కుట్టుకుంటూ పోతే నడుము దగ్గర మూడు నిండు పొరలవుతాయి. సూదులు విరిగేది అక్కడే.

ఏనుగులు ఈ కొలతలో 2.5 సెం.మీ. మించవు. 1 మి.మీ. కన్నా సన్నని సాటిన్ నిలబడదు, కాళ్ల మధ్య ఖాళీ 1 మి.మీ. కన్నా తక్కువైతే మూసుకుపోతుంది. కాబట్టి నాలుగు కాళ్లకు బదులు రెండు చూపించి, చెవిని ఒంటి కన్నా వేరే కోణంలో కుడితే ఏనుగని పోల్చుకోవచ్చు. దంతాలు, కళ్ల లాంటి వాటికి ఇంకా సన్నని 60 నంబరు దారం, 65/9 సూది.

ఫ్రేమ్, పేపర్, సూది

పట్టుకు కింద మీడియం మందం కట్‌అవే పేపర్ వాడండి, అంటే చించితే చిరగక కత్తెరతోనే తెగేది. చించే రకం ఈ డిజైన్‌కు చాలదు. ఇన్ని పోట్లకు అది కుట్టు మధ్యలోనే చిరిగిపోయి పట్టు వదులవుతుంది. ఫ్రేమ్ లోపలి రింగుకు కాటన్ టేపు చుట్టితే పట్టు మీద వలయం గుర్తు పడదు. గుడ్డను బిగువుగా పెట్టాలి గానీ సాగదీయకూడదు. స్క్రూ బిగించాక అంచులు పట్టి లాగడమే చాలామంది చేసే పని. అలా సాగిన గుడ్డ ఫ్రేమ్ తీశాక వెనక్కి వస్తుంది, దారం మాత్రం రాదు. ఫ్రేమ్‌లో చక్కగా కనిపించి, బయటికి తీశాక ముడతపడే పనుల్లో చాలావాటికి కారణం ఇదే. ఫ్రేమ్‌లో ఉండగానే ముడత పడుతుంటే కారణం వేరు: కుట్లు మరీ దట్టం, పేపర్ పలచన, లేదా పై దారం మరీ బిగువు. డిజైన్ చుట్టూ టాకా (తాత్కాలిక కుట్టు) వేసే అలవాటున్నవాళ్లు పట్టు మీద దాన్ని కటింగ్ గీతకు అవతలే వేయాలి. పట్టులో సూది రంధ్రం పూడదు.

40 నంబరు దారానికి 75/11 సూది, కొన పదునైనది. బాబిన్ (కింది దారం చుట్టే చక్రం) కేసును దారంతో వేలాడదీసి చిన్నగా కుదిపితే నాలుగైదు సెంటీమీటర్లు జారి ఆగాలి. గేజ్ ఉంటే 18 నుంచి 22 గ్రాములు. పై దారం 100 నుంచి 120 గ్రాములు. అంకెల కన్నా నమ్మదగ్గది వెనకవైపు: సాటిన్ తిప్పి చూస్తే నడుమ మూడో వంతు బాబిన్ దారం, అటూ ఇటూ పై దారం ఉండాలి. వేగం నిమిషానికి 600 కుట్లు. ఈ పక్షికి 25 వేల నుంచి 35 వేల కుట్లు పడతాయి. 30 వేలైతే కుట్టే సమయమే 50 నిమిషాలు, దారాలు కత్తిరించడం, రంగులు మారడం దానికి అదనం. ఒకే సూది ఉన్న ఇంటి మిషన్ మీద ప్రతి రంగూ చేత్తో మార్చాలి కాబట్టి సగం పూట కేటాయించుకోండి. పై దారం వెయ్యి కుట్లకు 5 నుంచి 6 మీటర్లు పోతుంది.

జరీ దారానికి 90/14 సూది, 450 వేగం, బిగువు బాగా తగ్గించాలి, దూరం 0.5కి పెంచాలి. దీన్ని అంచు గీతలకూ కిరీటానికీ ఉంచుకోండి, ఫిల్‌కు వద్దు. చీర అంచులోని గట్టి జరీ మీద మాత్రం ఏ సూదితోనూ కుట్టకండి. సూది పక్కకు తప్పి ప్లేటుకు తగులుతుంది.

తప్పు ఎక్కడుందో గుర్తుపట్టడం

దారం డిజైన్‌లో ఎప్పుడూ ఒకే చోట తెగుతుంటే తప్పు పంచింగ్‌ది, అక్కడ పొరలు ఎక్కువయ్యాయి. ఒకే రంగు తెగుతుంటే ఆ సూదో ఆ కోనో మార్చాలి. ఎక్కడంటే అక్కడ తెగుతుంటే దారం వెళ్లే దారి, బిగువు చూడాలి. కింద దారం ఉండ కడుతుంటే అందరూ బాబిన్‌ను తిడతారు. నిజానికి చాలాసార్లు పై దారం, దాన్ని బిగువుగా పట్టే టెన్షన్ డిస్కుల మధ్య కూర్చోకపోవడమో, పైకీ కిందికీ ఆడే లీవర్‌లోంచి జారిపోవడమో అయి ఉంటుంది. పైన బాబిన్ దారం తెల్లగా చుక్కలు కనిపిస్తే బాబిన్ కేసు స్ప్రింగు కింద నూగు చేరిందేమో ముందు చూడండి, ఆ తర్వాతే స్క్రూ తిప్పండి.

ఒంటికీ జరీ గీతకూ మధ్య ఖాళీ వస్తే, అది ఎటువైపు వచ్చిందో చూడాలి. కుట్టు దిక్కులో రెండు చివరలా ఉంటే లాగుడుకు వదిలిన కొలత చాలలేదు, ఫైల్‌లో పెంచాలి. గీత మొత్తం ఒకే పక్కకు జరిగి ఒకవైపు ఖాళీ, రెండోవైపు ఎక్కువ ఎక్కడం కనిపిస్తే గుడ్డ ఫ్రేమ్‌లో జారింది. అప్పుడు ఫైల్ ముట్టుకోకండి.

కొన్న ఫైళ్లతో వచ్చే ఇబ్బందులు వేరు. చేతులు మారుతూ వచ్చేవి ఎక్కువగా డీఎస్‌టీ ఫైళ్లు. అందులో సూది ఎక్కడ దిగాలి, ఎక్కడ ఆగాలి అన్నవే ఉంటాయి, దారం రంగులు ఉండవు. అందుకే తెర మీద ఏనుగు ఊదాగా, తోక గులాబీగా కనిపిస్తుంది. రంగుల చార్టు విడిగా అడిగి తీసుకోవాలి. సైజు మార్చడం ఇంకా ప్రమాదం. మిషన్‌లోనే 20 శాతం పెంచితే కుట్లు అన్నే ఉండి 0.4 దూరం 0.48 అవుతుంది, గుడ్డ తొంగిచూస్తుంది. 20 శాతం తగ్గిస్తే 0.32 అయి దారం తెగుతుంది. పది శాతం దాటితే అసలు పంచింగ్ ఫైల్‌లోనే మార్చాలి.

అసలు పట్టు మీదికి వెళ్లే ముందు, అంతే మందం ఉన్న వేరే పట్టు ముక్క మీద, అదే పేపర్‌తో ఒక తల, ఒక రెక్క కుట్టి చూడండి. ఖాళీలూ కోణాలూ సరిదిద్దుకోవడానికి అదొక్కటే అవకాశం. పట్టు మీద విప్పితే రంధ్రాల వరుస మిగులుతుంది.

పని అయ్యాక పేపర్‌ను పక్షి చుట్టూ 5 మి.మీ. వదిలి కత్తిరించాలి. మందపాటి టవల్ మీద బోర్లా పరిచి, పట్టు వేడిలో వెనక నుంచే ఇస్త్రీ చేయాలి. పై నుంచి చేస్తే సాటిన్ అణిగి, కోణాలతో తెచ్చిన మెరుపు పోతుంది. కటింగ్ ఆ తర్వాతే, అదీ గీసిన మధ్య గీత పక్షి రెండు మెడల మధ్య నుంచి సరిగ్గా వెళ్తోందో లేదో మళ్లీ కొలిచాకే. ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా ఉంటే టైలర్ పాత గీతను వదిలేసి, పక్షి నడుమనే మధ్యగా తీసుకుని మెడా భుజాలూ మళ్లీ గీయాలి.